ఘనపుటడుగుకి వెయ్యి నలుసులు

మా ఆయన మీద నాకొక ఫిర్యాదు ఉంది గానీ, దాన్ని ఏ పోలీస్ స్టేషన్లోనూ రాసుకోరు. ఆయన తాగరు. చెయ్యెత్తరు. పెట్టింది తింటారు. కాకపోతే దుమ్ము చూస్తారు. పొద్దున్నే కాఫీ గ్లాసు ఒక చేత్తో అందుకుంటూ రెండో చేతి చూపుడువేలు టీవీ మీద గీస్తారు. కిటికీ చువ్వ మీద గీస్తారు. ఒకసారి మా చెల్లెలు ఇంకా గడప దాటకుండానే దాని సూట్‌కేసు మీద గీశారు. గీసిన వేలు ఎవరికీ చూపించరు, అంత మర్యాదస్తులు. వెలుతురు దగ్గర పెట్టుకుని తనే చూసుకుని ఒక నిట్టూర్పు విడుస్తారు. మా హెచ్‌ఎంటీ నగర్‌లో ఆ నిట్టూర్పు మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది.

ఆయన పేరు చలపతిరావు. ఏఎస్ రావు నగర్ పక్కనున్న పెద్ద సర్కారు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇరవై మూడేళ్లు చేసి స్వచ్ఛంద విరమణ పుచ్చుకున్నారు. ఆ తర్వాత ఇంట్లో కూర్చున్న నాలుగు నెలల్లో నా వంటింటి డబ్బాలన్నిటికీ నంబర్లు వేశారు. ఆవాలు పదిహేడు. మెంతులు పద్దెనిమిది. పోపు పెడుతున్నప్పుడు నాకు పదిహేడు గుర్తు రాక మినప్పప్పు మాడిపోయేది. అలాంటి రోజుల్లో మహిపాల్ దేవుడిలా వచ్చి ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుపోయాడు. ఆ ఉపకారం నేను మర్చిపోను.

మహిపాల్‌ది జనగామ దగ్గర పల్లె. బెంగళూరులో పదేళ్లు పనిచేసి వచ్చి, నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, కులదైవం కొలువున్న ఊరి పేరు కలిపి 'కొమురెల్లి ప్రెసిషన్ సిస్టమ్స్' అని బోర్డు కట్టాడు. చిప్పులు తయారుచేసే ల్యాబులకు యంత్రాలు చేసిచ్చే కంపెనీ అది. మా అపార్ట్‌మెంట్లో ఎవరైనా అడిగితే నేను గర్వంగా ఆ మాటే చెబుతాను. వాళ్లూ అర్థమైనట్టు తల ఊపి, ఆలుగడ్డవా అరటికాయవా అని అడుగుతారు.

సంగతి జరిగింది 2009లో. బెంగళూరు ల్యాబు ఒకటి మహిపాల్‌కి ఆర్డరిచ్చింది. అద్దంలా మెరిసే సిలికాన్ పళ్లెం ఒకటి ఉంటుంది, చిప్పులన్నీ దాని మీదే పుడతాయి. ఆ పళ్లేన్ని ముందు ఆమ్లంలోను, తర్వాత మహా స్వచ్ఛమైన నీళ్లలోను ముంచి కడిగే తొట్లున్న బల్ల చెయ్యాలి. మా ఆయన రాత్రి భోజనాల దగ్గర ఆ బల్ల గురించి అరగంట వివరించారు. అంతా విని, "అంటే అంట్లు తోమే బల్లే కదండీ," అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ బల్లని కట్టడానికి షెడ్డులో ఒక అద్దాల గది ఉంది. పైనుంచి ఫ్యాన్లు ఎప్పుడూ వడగట్టిన గాలిని హోరున వదులుతుంటాయి. ఆ గదిలో ఒక ఘనపుటడుగు గాలికి వెయ్యి నలుసులు దాటకూడదు. నలుసంటే కంట్లో పడేది కాదు, వెంట్రుకని నూటయాభై చీలికలు చేస్తే వచ్చేంత. వాటిని లెక్కపెట్టడానికి పాలసీసా అంత పరికరం ఒకటి ఉంది. మా ఆయన దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటారు. దాన్ని ఇంటికి తీసుకురావద్దని మహిపాల్‌తో నేనే రహస్యంగా చెప్పి ఉంచాను.

ఆ గదిలో తొట్లు తుడిచే మనిషి లక్ష్మీనర్సమ్మ. పీర్జాదిగూడలో ఉంటుంది, నలభై దాటాయి. మొదట షెడ్డు ఊడవడానికి వచ్చింది. ఆవిడ చేతి పనితనం మహిపాల్ కనిపెట్టాడు. గుడ్డని నాలుగు మడతలు పెడుతుంది. ఒకే వైపుకి తుడుస్తుంది. తుడిచిన మడతని లోపలికి తిప్పేస్తుంది, ఆ ముఖంతో మళ్లీ తుడవదు. డిగ్రీలున్న వాళ్లకి నెలల తరబడి నేర్పినా రాని పని ఆవిడకి పుట్టుకతో వచ్చింది. ఆగస్టు మొదటి సోమవారం ఆవిడని అద్దాల గదిలోకి తీసుకుని, ఫోటో వేసిన బిళ్ల ఇచ్చారు. దాని మీద 'క్లీన్‌రూం ఆపరేటర్' అని ఉంటుంది. ఉప్పల్ రింగు రోడ్డులో షేర్ ఆటో ఎక్కితే ఆ బిళ్ల కొంగు పైకి కనిపించేలా సర్దుకుంటుందని మా ఆయనే చెప్పారు.

సరిగ్గా ఆ వారమే నలుసుల లెక్క పెరిగింది. వెయ్యి దాటి రెండు వేలయింది, నాలుగు వేలయింది. కొత్తగా లోపలికి వచ్చింది ఎవరు? లక్ష్మీనర్సమ్మ. మా ఆయనకి ఇంకో రుజువు అక్కర్లేకపోయింది. పువ్వులు మానమన్నారు, మానింది. మొహానికి పౌడరు వద్దన్నారు, సరేనంది. కాళ్లకి పసుపు వద్దన్నారు, శ్రావణమాసం పూట అదీ మానింది. లెక్క మాత్రం దిగలేదు. చివరికి ఒకరోజు అందరూ చూస్తుండగా తలుపు తీసి, "నువ్వు నడిస్తే దుమ్ము, నిలబడితే దుమ్ము. బయటికి నడు," అని ఆవిడ చేతికి మళ్లీ చీపురిచ్చారు. ఆ వీరగాథ ఇంటికొచ్చి నాకు తనే చెప్పారు, మెడల్ వచ్చినట్టు.

"ఇప్పుడు తగ్గిందా మరి?" అన్నాను.

"తగ్గుతుంది. ఆవిడ వదిలిన దుమ్ము ఇంకా తిరుగుతోంది."

తర్వాతి మంగళవారం మధ్యాహ్నం లక్ష్మీనర్సమ్మ మా ఇంటి గుమ్మంలో నిలబడింది. ఆవిడని నేను ఒకటి రెండుసార్లు షెడ్డులో చూశాను, అంతే.

"అమ్మా, సార్ ఇంట్ల లేడు గద?"

"లేరు. రా, కూర్చో."

కూర్చోలేదు. చేతిరుమాలు విప్పింది. అందులో ఆ బిళ్ల ఉంది.

"ఇది సార్‌కు ఇచ్చేయున్రి. నేనొక తప్పు జేసిన. ఆయనకు జెప్పనీకి ధైర్యం సాలలే, మీకు జెప్తున్న."

"ఏం చేశావు?"

"కోటు జాడిచ్చిన."

కోట్ల సంగతి నేను చెప్పాలి. అద్దాల గదిలో అందరూ తెల్లటి పొడుగు కోట్లు వేసుకోవాలి. వాటిని చాకలికి వేస్తే బండకేసి బాదుతాడని మా ఆయన భయం. అందుకని ప్రతి శనివారం సంచిలో ఇంటికి తెచ్చేవారు, నేను ఉతికేదాన్ని. జూలై చివర్లో బెంగళూరు నుంచి చిదంబరం అనే ఇంజినీరు వచ్చి యంత్రం చూసి, అందరినీ వరసగా నిలబెట్టి ఫోటో తీసి పంపాడు. ఫోటోలో కోట్లు నలిగిపోయి ఉన్నాయి. మా ఆయన ఆ ఫోటోని మూడు రోజులు చూసి, "ఇకనుంచి గంజి పెట్టు తారా," అన్నారు. నా పేరు తారామణి. ఇది నైలాను జాతి బట్ట, గంజి తాగదు అన్నాను. "నీకు తెలీదు, చిక్కగా పెట్టు," అన్నారు. మా పెళ్లయిన ఈ ఇరవై ఆరేళ్లలో ఆయన చొక్కాలకి గంజి పెట్టీ పెట్టీ నాకు అందులో డాక్టరేటు ఇవ్వొచ్చు. పెట్టాను. ఇస్త్రీ చేస్తే కోట్లు అప్పడాల్లా తయారయ్యాయి.

"కోటు అట్ట లెక్క ఉంటదమ్మా," అంది లక్ష్మీనర్సమ్మ మెడ చూపిస్తూ. అక్కడ ఎర్రగా గీరుకుపోయి ఉంది. "సోమారం సార్ కోట్లు పంచంగనే నాది తీస్కపోయి, తొట్లు గడిగినంక ఇడిసే మంచినీళ్లుంటయి గద, ఆ నీళ్లల్ల రెండు మార్లు జాడిచ్చి ఆరేస్కున్న. ప్రతి వారం గట్లనే జేసిన. పంచినంక కోటుకు నీళ్లు తగలొద్దని రూలు. నేను తగిలిచ్చిన. అందుకే దుమ్మొచ్చినట్టుంది."

"జాడిస్తే నీళ్లెలా వచ్చాయి?"

"తెల్లగ. కుడితి లెక్క."

నేను బీఎస్సీ కెమిస్ట్రీ, సెకండ్ క్లాస్. ఆ సెకండ్ క్లాస్ బుర్రలో అప్పుడు ఒక దీపం వెలిగింది. గురువారం చిదంబరం వస్తున్నాడని మా ఆయన కోసం ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన కొత్త కోటు బీరువాలో ఉంది. దాన్ని తెచ్చాను. మా ఆయన నల్ల గొడుగు విప్పి, ఎండ పడుతున్న చోట హాల్లో బోర్లా పెట్టాను. దాని పైన కోటుని ఒక్కసారి దులిపాను.

గొడుగు మీద బూడిద గుమ్మడికాయ మీదున్నట్టు తెల్లగా పొడి పేరుకుంది. ఎండలో ఇంకా రాలుతూనే ఉంది.

లక్ష్మీనర్సమ్మ వేలితో తీసి రుద్ది చూసింది. "ఇది గంజి గాదమ్మా?"

"గంజే."

"ఎవలు పెట్టిన్రు?"

"నేనే."

ఆవిడ నా మొహం చూసింది, గొడుగు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. ఇద్దరం ఆ గొడుగు పక్కన కూలబడి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ముందు తేరుకున్నది ఆవిడే.

"చీపురు పట్టుమంటే పడ్తనమ్మా, అదేం ఫికర్ లేదు. గని దుమ్ము దెచ్చే మనిషని పేరు వడ్డది. నాచారం అంత తెలుస్తది. ఈ పేరుతోటి రేపు ఏ కంపినీల లోపటికి రానిస్తరు నన్ను?"

"బిళ్ల నీ దగ్గరే ఉంచుకో," అన్నాను. "నువ్వు జాడించిన కోటు ఎక్కడుంది?"

"నా సంచిలనే, ప్లాస్టిక్ కవర్ల."

"గురువారం అది దగ్గర పెట్టుకుని పనికి రా. నేనూ వస్తాను."

ఆ సాయంత్రం ఆయనకి ఒక అవకాశం ఇచ్చాను. దేవుడు చూస్తున్నాడు, ఇవ్వలేదని ఎవరూ అనకూడదు. మజ్జిగన్నం దగ్గర, "ఆ కోట్ల మీదనుంచి గంజి రాలుతోందండీ, మానేద్దామా," అన్నాను.

"కస్టమర్ వచ్చే ముందా? నువ్వు భలేదానివే. వచ్చేసారి ఇంకొంచెం చిక్కగా పెట్టు."

"నలుసుల లెక్క..."

"నలుసులు నాకు వదిలెయ్యి తారా. నువ్వు పులిహోర చూసుకో."

ఆయనకి నా మాట మీద నమ్మకం లేదని కాదు. పరికరం మీద అంకె కనిపిస్తేగాని సొంత జ్వరాన్ని కూడా నమ్మరు. సరే, అంకెతోనే చెప్పిద్దామనుకుని పులిహోరకి చింతపండు నానబెట్టాను.

గురువారం పదకొండింటికి పెద్ద క్యారియర్‌తో షెడ్డుకి వెళ్లాను. మహిపాల్ ఎదురొచ్చి క్యారియర్ అందుకున్నాడు. మొహంలో రక్తం లేదు.

"అక్కా, ఇయ్యాల ఇది పాస్ గాకుంటే నా కథ అయిపాయె," అన్నాడు.

"అవుతుంది. ముందు మంచినీళ్లు తాగు."

అద్దం అవతల ఆరుగురు, అప్పడాల్లాంటి తెల్లకోట్లలో. మధ్యలో మా ఆయన, అందరికంటే పెద్ద అప్పడం. చిదంబరం తమిళాయన, సన్నగా, నెమ్మదిగా, బెంగళూరు నుంచి తెచ్చుకున్న సొంత కోటులో ఉన్నాడు. పరికరాన్ని బల్ల పక్కన పెట్టి ఒక్క నిమిషం ఆగి, అంకె చూసి కలం మూత పెట్టేశాడు. తలుపు తెరిచి ఇద్దరూ బయటికొచ్చారు.

"ఆరువేల నాలుగు వందలు," అన్నాడు చిదంబరం తనకొచ్చిన తెలుగులో. "ఈ రూములో టెస్టు చెయ్యలేము రావు గారూ. నేను వెళ్లి మళ్లీ నెల వస్తాను."

"ఇది మా తప్పు కాదండీ," అన్నారు మా ఆయన. "ఒక వర్కర్ వల్ల వచ్చింది. ఆవిడని పది రోజుల కిందటే బయట పెట్టాం. ఆ అవశేషమే ఇది."

లక్ష్మీనర్సమ్మ గేటు దగ్గర చీపురుతో నిలబడి ఉంది. అక్కడికి మాట వినిపిస్తుంది. వినిపించింది కూడా.

నేను క్యారియర్ గిన్నెలు విప్పుతూ, పులిహోరతో చెబుతున్నట్టు అన్నాను. "మనిషి నుంచి ఎంత దుమ్ము రాలుతుందో ఆ పరికరం చెప్పలేదా అండీ? ఆవిడని పిలిచి కొలిచేస్తే చిదంబరం గారికి కూడా నమ్మకం కుదురుతుంది. మీ మాట రుజువవుతుంది."

రుజువు అనే మాట వినగానే మా ఆయన కళ్లు మెరిశాయి. ఇరవై ఆరేళ్ల కాపురం ఊరికే పోదు.

"కరెక్ట్! కొలుద్దాం. లక్ష్మీనర్సమ్మా, కోటు వేసుకుని ఇలా రా."

ఆవిడ చేతులు కాళ్లు కడుక్కుని, కవర్లోంచి కోటు తీసి తొడుక్కుని, టోపీ, మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్లింది. చిదంబరం ఆవిడని సరిగ్గా ఫ్యాన్ గాలి కింద నిలబెట్టి, పరికరం గొట్టాన్ని మోచేతి దగ్గర పట్టుకున్నాడు. చేతులెత్తమన్నాడు, దించమన్నాడు, నిలబడ్డచోటే నడవమన్నాడు. బడిలో డ్రిల్లు చేయించినట్టే. మా ఆయన తెరిచిన తలుపు దగ్గర నిలబడ్డారు, మిగతా మేమంతా అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నాం.

"నూట ఎనభై," అన్నాడు చిదంబరం.

"మళ్లీ చూడండి," అన్నారు మా ఆయన.

"నూట అరవై."

"బ్యాటరీ డౌనయి ఉంటుంది. ఇటివ్వండి. నన్ను కొలవండి, తేడా తెలుస్తుంది."

అంత ధీమాగా నడిచిన మనిషిని నేను పెళ్లి పీటల మీద కూడా చూడలేదు. వెళ్లి అదే చోట నిలబడ్డారు. చేతులు బారజాపి, దించి, కవాతు చేశారు. అడుగు అడుగుకీ కోటు ఫెళఫెళమంది. పరికరం టిక్కుటిక్కుమనడం మానేసి ఒకటే గుయ్యిమని మోగింది.

చిదంబరం అంకె చదవలేదు. పరికరాన్ని ఆయన వైపే తిప్పి చూపించాడు.

పదకొండు వేల మూడు వందలు.

తన చేతిలోని నల్లటి ఫైలు అట్టని మా ఆయన కోటు చేతిమీద ఒక్కసారి రుద్దాడు చిదంబరం. అట్ట మీద తెల్లగా చార పడింది. "ఇది ఏమి సార్?"

మా ఆయన ఆ చారని చూశారు. తర్వాత నెమ్మదిగా తలతిప్పి అద్దంలోంచి నన్ను చూశారు. నేను తలుపు దగ్గరికి వెళ్లి చెప్పాను.

"గంజండీ. మీరు చెప్పినంత చిక్కగా."

"గంజా?" మహిపాల్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "అద్దాల రూంల గంజా సార్? మా తాత సర్పంచ్‌గ నిలవడ్డప్పుడు గూడ గింత గంజి పెట్టియ్యలే!"

చిదంబరం నవ్వలేదు. నెమ్మదిగా గడియారం చూసుకున్నాడు. "ఇది సరి చేస్తే నేను రాత్రి ఫ్లైట్‌కి మారతాను. ఆ పులిహోరలో వేరుశనగలు ఉన్నాయా మేడం?" అన్నాడు.

ఆ తర్వాత షెడ్డు పెళ్లివారిల్లయింది. నాచారంలో మాకు మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. సిలికాన్ పళ్లేలకి మాత్రం ఆ షెడ్డులో ఇరవై నాలుగు గంటలూ స్వర్గంలో దొరికేలాంటి నీళ్లు. ఆ నీళ్లలో నేనూ లక్ష్మీనర్సమ్మా ఆరు కోట్లు నాలుగేసి సార్లు జాడించాం. నాలుగోసారికి కుడితి పోయి తేట వచ్చింది. విడి భాగాలు ఆరబెట్టే వేడి అరలో కోట్లు వేలాడదీశారు. యంత్రం పాసయిందా లేదా అని మీరు కంగారు పడకండి. ఆ సాయంత్రమే పాసయింది, తర్వాతి వారం లారీ ఎక్కింది. నేను చెప్పాల్సింది టెస్టుకి ముందు ఒక పావుగంట సంగతి.

కోట్లు ఆరాయి. అందరూ తొడుక్కున్నారు. కానీ ఇన్నాళ్లు రాలిన గంజి తొట్ల నిండా ఉంది. అది తుడవడం చెయ్యి తిరిగిన మనిషి పని. మా ఆయన అద్దాల గది తలుపు తెరిచి పట్టుకున్నారు.

"లక్ష్మీనర్సమ్మా, రా. తొట్లు తుడవాలి."

ఆవిడ గడప ఇవతలే నిలబడింది. మెడలో బిళ్ల ఉంది.

"రాను సార్."

"అదేంటి? టైం లేదు."

"పది దినాల కింద ఇదే తలుపు తీసి, అందరు సూస్తుండంగ నన్ను బయటికి తోలిన్రు. దుమ్ము మనిషన్నరు. గిప్పుడు తొట్లు తుడువుమంటే తుడుస్త. గని ఆ మాట గట్లనే ఉంటది గద సార్ ఈడ."

"ఇప్పుడెవరూ నిన్నేమీ అనట్లేదు కదా."

"అనట్లేరు. అన్నరు గద."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "చూడమ్మా, ఇదంతా ఆ గంజి వల్ల వచ్చింది."

"గంజికి నోరు లేదు సార్. నన్ను బయటికి పొమ్మన్నది గంజి గాదు."

ఆయన మహిపాల్ వైపు చూశారు. మహిపాల్ పైన ఫ్యాన్లు ఎన్నున్నాయో లెక్కపెడుతున్నాడు. చిదంబరం వైపు చూశారు. ఆయన పులిహోరలో వేరుశనగలు ఏరుకుంటున్నాడు. ఆఖరికి నా వైపు చూశారు. నేను క్యారియర్ మూత బిగించే పనిలో ఉన్నాను, ఆ మూత ఎంతకీ పడటం లేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆయన్ని చూస్తే నాకు కొంచెం జాలేసింది. కానీ సాయం చెయ్యలేదు.

మొహానికున్న మాస్కు కిందికి లాక్కున్నారు. ఏదో అన్నారు. పెదవులు కదిలాయి గానీ ఫ్యాన్ల హోరులో ఎవరికీ అందలేదు.

గది లోపల వెనకాల నిలబడ్డ ఫిట్టర్ బాలరాజు చెయ్యి చెవికి ఆనించి, "ఇనవడలే సార్!" అన్నాడు.

మా ఆయన లక్ష్మీనర్సమ్మ కళ్లలోకి చూసి, గదంతా మోగేలా గొంతెత్తారు.

"తప్పు నాదే అన్నానయ్యా! ఆవిడది కాదు, నాది!"